పిల్లల పుస్తకానికి సమీక్ష రాయడం ఎలా? పుస్తకం చేతికొచ్చిన దగ్గర్నుంచి అచ్చయ్యేదాకా

ఆదివారం అనుబంధంలో పుస్తక సమీక్షల పేజీ తిరగేయండి. పైన నవల, పక్కన కవిత్వం, కింద వ్యాస సంపుటి. అన్నిటికీ అడుగున చిన్న పెట్టెలో ఒక పిల్లల పుస్తకం. "ఇందులో 15 కథలున్నాయి. అన్నీ నీతిని బోధించేవే. సరళమైన శైలిలో ఆద్యంతం ఆసక్తికరంగా సాగాయి. ప్రతి ఇంటా ఉండాల్సిన పుస్తకం." అంతే, అయిపోయింది. ఈ నాలుగు వాక్యాల్ని కోసి ఏ పిల్లల పుస్తకం పక్కన అతికించినా సరిపోతాయి. ఆరేళ్ల కొడుక్కి కొనాలా వద్దా అని చూస్తున్న తల్లికి మాత్రం వీటితో ఒరిగేదేమీ లేదు.

నేను మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు బీరువాల పిల్లల లైబ్రరీ చూసుకుంటాను. శనివారం సాయంత్రం ఐదింటికి తలుపు తీస్తే ఏడున్నర దాకా గోలే గోల. అప్పుడప్పుడూ పత్రికలకి సమీక్షలు రాస్తుంటాను. ఇన్నేళ్లలో నేను పెట్టుకున్న పట్టింపు ఒక్కటే: ఒక పిల్లకో పిల్లాడికో చదివి వినిపించకుండా పిల్లల పుస్తకం మీద కలం పెట్టకూడదు. కింద చెప్పే మిగతా పనులన్నీ దాని చుట్టూ తిరిగేవే.

1. అది కొత్త పుస్తకమేనా?

అట్ట చూసి నమ్మకండి. లోపల ముద్రణ వివరాల పేజీలో "మొదటి ముద్రణ", "పునర్ముద్రణ" అని ఉంటాయి, ముందు అవి చదవండి. మన దగ్గర కొత్త అట్టతో వచ్చే పిల్లల పుస్తకాల్లో పాతవి చాలానే ఉంటాయి. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఒకప్పుడు తెలుగులో వేసిన పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చవుతున్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాల్లోనూ దశాబ్దాల నాటివి ఇప్పటికీ దొరుకుతాయి. పాతదైనంత మాత్రాన సమీక్ష రాయకూడదనేం లేదు. మళ్లీ వేసింది అని మాత్రం చెప్పాలి. బొమ్మలు మార్చారా, భాష సరిచేశారా అన్నది అప్పుడు చూడాల్సిన సంగతి.

అనువాదమైతే మూలం ఏ భాష, అనువాదకులెవరు అన్నవి కూడా ఆ పేజీలోనే వెతకండి. ఒక్కోసారి అనువాదకుల పేరు ఎక్కడా ఉండదు. ఆ లోపాన్ని సమీక్షలో ఒక వాక్యంలో రాసేయండి, మొహమాటం అక్కర్లేదు.

కొత్తవి ఎక్కడ దొరుకుతాయంటే, హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబర్‌లో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. ఈ రెంటికీ ముందే ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలు సిద్ధం చేసుకుంటారు. హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం' సంస్థ, చెన్నైలోని తూలిక, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. సాహిత్య అకాడమీ 2010 నుంచి ఏటా బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది, ఆ జాబితా మీదా ఓ కన్నేసి ఉంచండి. రచయితలే సొంతంగా అచ్చేసుకుని పోస్టులో పంపే పుస్తకాలు మాత్రం ప్రదర్శనలో కనపడవు. అవి సమీక్షకులకి రెండు ప్రతులు, బంధువులకి యాభై ప్రతులుగా సర్దుకుపోతాయి. వాటిలోనూ అప్పుడప్పుడూ ఆణిముత్యం దొరుకుతుంది.

2. వయసు తేల్చడం

అట్ట మీద "8-14 ఏళ్ల పిల్లలకు" అని వేస్తారు. ఎనిమిదేళ్ల పిల్ల ఇంకా పన్ను ఊడిందని దిండు కింద పెట్టుకుంటుంది, పద్నాలుగేళ్ల పిల్లాడు గడ్డం ఎప్పుడొస్తుందా అని అద్దం చూసుకుంటాడు. ఇద్దరికీ ఒకే పుస్తకమంటే ఎట్లా?

తెలుగు పుస్తకానికి రెండు వయసులు రాయాలి: విని అర్థం చేసుకునే వయసు, సొంతంగా చదవగలిగే వయసు. ఇంగ్లీష్ మీడియంలో చదివే ఐదో తరగతి పిల్లలు చాలామంది తెలుగు కథని చక్కగా వింటారు గానీ చదవమంటే కూడబలుక్కుంటారు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ వారాంతాల్లో అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలకైతే ఈ తేడా ఇంకా ఎక్కువ. పదేళ్ల బుర్రకి ఆరేళ్ల పిల్లల అక్షరాలు కావాలి. అలాంటి పుస్తకం దొరికితే సమీక్షలో గట్టిగా చెప్పండి, ఎంతోమంది తల్లిదండ్రులు దాని కోసమే వెతుకుతుంటారు.

సొంతంగా చదివే వయసు తేల్చడానికి మధ్యలో ఒక పేజీ తీసి ఒత్తులు చూడండి. 'అమ్మ', 'అక్క'లో ఉన్నలాంటి ద్విత్వాలు పెద్ద ఇబ్బంది కాదు. 'స్వాతంత్ర్యం' లాంటి మాట దగ్గర బండి ఆగుతుంది. తర్వాత పదాల పొడవు. మనం "వెళ్లిపోవాలనుకుంటున్నానన్నాడు" అని ఒకే మాటగా రాసేయగలం. పెద్దలకి అది గుక్క, చిన్నపిల్లలకి కొండ. ఈ రెండు వాక్యాలు చూడండి:

"సూర్యోదయానంతరం పక్షులన్నీ కిలకిలారావాలతో ఆహారాన్వేషణకు బయలుదేరాయి."

"తెల్లారింది. పిట్టలన్నీ తిండి వెతుక్కుంటూ ఎగిరిపోయాయి."

సంగతి ఒక్కటే. మొదటిది ఏడో తరగతి పిల్లలు కూడా నీళ్లు నములుతూ చదువుతారు, రెండోది రెండో తరగతి వాళ్లు చదివేస్తారు. "శైలి సరళంగా ఉంది" అని రాసే బదులు పుస్తకంలోంచి ఇలాంటి ఒక వాక్యం ఎత్తి చూపించండి, చదివేవాళ్లే తేల్చుకుంటారు.

ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో కథల్ని నాలుగు స్థాయిలుగా పెట్టారు. మొదటి స్థాయి 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది అంతకు మించి. ఆ స్థాయిలు పుస్తకం మీదే ఉంటాయి. వేరే ప్రచురణకర్తల పుస్తకానికి కూడా మాటలు లెక్కపెట్టి మీరే ఒక అంచనాకి రావచ్చు. పదిహేను నిమిషాల పని.

3. చదవడం, వినిపించడం, చూస్తూ కూర్చోవడం

ఒకసారి మీరు ఒక్కరే మౌనంగా చదవండి. రెండోసారి ఎవరూ లేనప్పుడు పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. పాటలా ఉండాల్సిన పిల్లల గేయాల్లో లయ తప్పిన చోటు కంటికి దొరకదు, నోటికే దొరుకుతుంది. మూడోసారి పిల్లలకి వినిపించండి.

ఈ మూడోసారి విషయంలో నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను. ఒక పొడుపు కథల పుస్తకం చాలా నచ్చేసింది నాకు. నా చిన్నప్పుడు మా మేనత్త అడిగినవే సగం. ఆ మురిపెంలో సమీక్ష రాసి పంపేశాను, అచ్చయింది కూడా. తర్వాతి శనివారం లైబ్రరీలో చదివితే మూడో పొడుపు కథకే ఇద్దరు కుర్రాళ్లు బల్ల కిందికి దూరారు. జవాబులేమిటంటే రోకలి, తిరగలి, కవ్వం. వాటిని ఆ పిల్లలు ఎన్నడూ చూడలేదు. పుస్తకంలో వాటి బొమ్మలైనా లేవు. ఆ ముక్క సమీక్షలో ఉండాల్సింది. లేదు.

వినిపించేటప్పుడు "నచ్చిందా?" అని అడగొద్దు. మన పిల్లలు మర్యాదస్తులు, "బాగుంది అంకుల్" అనేస్తారు. నోరు మూసుకుని చూడండి. పేజీ తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారా? వెనక పేజీకి వెళ్లారా? మధ్యలో ఏమడిగారు? ఎక్కడ అటూ ఇటూ చూడటం మొదలైంది? అయిపోయాక పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నారా, లేక బిస్కెట్ల డబ్బా వైపు పరిగెత్తారా? పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పేజీ నంబరు, జరిగింది అక్కడికక్కడే రాసుకోండి. గంట తర్వాత రాస్తే మన అభిప్రాయాలే పిల్లల నోట్లో పెట్టేస్తాం.

ఒకసారి బావి గురించిన బొమ్మల కథ చదువుతున్నాను. కథలో ముఖ్యం ఎండిపోయిన బావి. ఒకటో తరగతి అమ్మాయి ఒకతి మాత్రం ప్రతి పేజీలో మూలన ఒక బల్లి ఉందని కనిపెట్టింది. ఆ సంగతి నేనూ చూడలేదు. "ఈ పేజీలో దాని తోక లేదు," అంది. వెనక్కి వెళ్లి చూశాం. నిజమే, పిల్లి వచ్చిన పేజీ తర్వాత బల్లికి తోక లేదు. చివరి పేజీలో చిన్న తోక మొలుస్తోంది. మాటల్లో ఎక్కడా లేని రెండో కథ అది, చిత్రకారుడు దాచి పెట్టాడు. ఆ అమ్మాయి లేకపోతే నా సమీక్షలో "నీటి విలువ తెలిపే కథ" అన్న వాక్యం తప్ప ఏముండేది?

ఇంకో జాగ్రత్త. ముగ్గురికి చదివి "పిల్లలకు ఎంతగానో నచ్చింది" అని రాయకూడదు. "నేను వినిపించిన ఐదుగురిలో ముగ్గురు మళ్లీ చదవమన్నారు, ఇద్దరు మధ్యలో లేచిపోయారు" అంటే నిజమూ అవుతుంది, చదవడానికీ బాగుంటుంది. పిల్లల పేర్లు, బడి పేరు రాయొద్దు. "మూడో తరగతి అమ్మాయి" అంటే చాలు.

4. బొమ్మలు

చందమామతో పెరిగిన వాళ్లని కదిలించి చూడండి. కథ పేరు గుర్తుండదు గానీ చిత్రా, శంకర్ బొమ్మలు, వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు కళ్లకు కట్టినట్టు చెప్తారు. అయినా మన సమీక్షల్లో బొమ్మలకి దక్కేది "బొమ్మలు అదనపు ఆకర్షణ" అన్న ముక్తాయింపు. 24 పేజీల పుస్తకంలో 200 మాటలుంటే కథలో సగం పైన చెప్పేది బొమ్మలే. చిత్రకారుల పేరు రచయిత పేరు పక్కనే రాయండి.

బొమ్మ మాటల్నే మళ్లీ చెప్తోందా, మాటలు చెప్పనిది చెప్తోందా, లేక మాటలకి అడ్డం తిరుగుతోందా అన్నది ముందు చూడాలి. కథలో నాయనమ్మ పొలం నుంచి వస్తుంది, బొమ్మలో ముడి వేసుకుని కళ్లజోడు పెట్టి ఊగే కుర్చీలో కూర్చుంటుంది. ఎక్కడో దొరికిన రెడీమేడ్ బొమ్మ తెచ్చి పెట్టారని తెలిసిపోతుంది. ఈమధ్య కంప్యూటర్ చేత గీయించిన ఏఐ బొమ్మలు కూడా వస్తున్నాయి. వేళ్లు లెక్కపెట్టండి. మొదటి పేజీలో పిల్లాడి ముఖం ఐదో పేజీలో మారిందేమో చూడండి. బొమ్మలో కొట్టు బోర్డు మీది అక్షరాలు ఏ భాషవో చూడండి, అవి తెలుగులా కనిపించే గజిబిజి అయితే విషయం అర్థమైనట్టే. పిల్లలు ఇవన్నీ మనకంటే ముందే పట్టేస్తారు.

కాగితం, బైండింగ్ గురించి ఒక్క మాట చాలు: పిన్నులు ఊడేలా ఉన్నాయా, అక్షరం పెద్దదా. రంగుల బొమ్మ మీదే అక్షరాలు అచ్చేసి చదవలేకుండా చేస్తే అది మాత్రం చెప్పి తీరాలి.

5. భాష, అనువాదం

ఇంగ్లీష్‌లో గ్రాండ్‌మదర్ ఒక్కటే. తెలుగులోకి రాగానే అనువాదకులు తేల్చుకోవాలి: అమ్మమ్మా, నాయనమ్మా? సెలవులకి ఊరెళ్లే కథైతే అమ్మమ్మ కావచ్చు, నాన్నని చిన్నప్పుడు ఎలా తిట్టేదో చెప్పే కథైతే నాయనమ్మే కావాలి. మూడో పేజీలో అమ్మమ్మ, పదో పేజీలో నాయనమ్మ అయిపోయిన పుస్తకం నా చేతిలోకి వచ్చింది! అంకుల్ కూడా అంతే, మావయ్యో బాబాయో పెదనాన్నో తేలాలి. నేను అనువాదం చూసేటప్పుడు ముందు ఈ చుట్టరికాలే చూస్తాను. అవి సరిగ్గా ఉంటే మిగతాది కూడా చాలావరకు సరిగ్గానే ఉంటుంది.

తర్వాత సంభాషణలు. "ఓ నా దేవుడా, నువ్వు ఎంత ధైర్యవంతుడివి!" అని ఏ పిల్లాడూ అనడు.

యాస గురించి. పిలగాడు అంటే తెలంగాణ, గుంటడు అంటే శ్రీకాకుళం వైపు, పిలకాయలు అంటే నెల్లూరు, చిత్తూరు వైపు. ఇలాంటి మాటలున్న పుస్తకాన్ని "భాషా దోషాలున్నాయి" అని కొట్టేసే సమీక్షలు ఇప్పటికీ వస్తున్నాయి, చదివితే చిర్రెత్తుతుంది. చూడాల్సింది యాస మొదటి పేజీ నుంచి చివరి దాకా నిలబడిందా, లేక పనిమనిషి, రైతు నోట్లో మాత్రమే పెట్టి మిగతా వాళ్లందరి చేత పుస్తకాల భాష మాట్లాడించారా అన్నది. రెండోదైతే నిలదీయండి.

6. నీతి

చివరి పేరాని బొటనవేలితో మూసేయండి. కథ అక్కడితో పూర్తయిందా? అయితే నీతి అతికించినట్టు. పూర్తి కాకపోతే అసలు కథే లేదు, నీతికి తొడిగిన చొక్కా అది.

ఎవరు వంట చేస్తున్నారు, ఎవరు చెట్టెక్కుతున్నారు, నల్లగా ఉన్నవాడే దొంగా, కుంటివాడు జాలి కోసమే ఉన్నాడా అన్నవి కూడా ఈ వరసలోనే చూసుకోండి. పేజీ నంబరుతో చెప్పండి, ఉపన్యాసం వద్దు.

7. టీనేజ్ వాళ్ల పుస్తకమైతే

పైన చెప్పిన పద్ధతి సగం పనిచేయదు. పదిహేనేళ్ల వాళ్లని కూర్చోబెట్టి చదివి వినిపిస్తానంటే దండం పెట్టి వెళ్లిపోతారు. పుస్తకం ఇచ్చి వారం వదిలేయండి. "ఎలా ఉంది?" అని ఎదురుగా అడగొద్దు, "ఎక్కడ ఆపేశావో వాట్సాప్‌లో పెట్టు" అనండి. "41 పేజీ. బోర్." అని వస్తుంది. మీకు కావాల్సింది అదే. ఆ 41వ పేజీ తీసి చూడండి, ఎవరో ఒక మాస్టారు జీవితం గురించి మాట్లాడుతూ ఉంటాడు.

తెలుగులో ఈ వయసు వాళ్ల కోసం వచ్చేవి తక్కువ. చదివే అలవాటున్న వాళ్లు చాలావరకు ఇంగ్లీష్‌కి వెళ్లిపోతారు. అందుకని వచ్చిన ఒక్క పుస్తకాన్నీ వెన్ను తట్టాలనిపిస్తుంది. అలా జాలితో రాసిన సమీక్ష నమ్మి కొన్న పిల్లాడు మళ్లీ తెలుగు పుస్తకం ముట్టుకోడు. కథలో పిల్లలు ఎలా మాట్లాడుతున్నారో చూడండి. ఫోన్, కోచింగ్, ర్యాంకుల టెన్షన్, ఇంట్లో డబ్బు గొడవలు ఉన్నాయా, లేక యాభై ఏళ్ల మనిషి లోపల కూర్చుని "నాన్నగారూ, చదువు విలువ నాకిప్పుడు తెలిసింది" అనిపిస్తున్నాడా?

ప్రేమ, శరీరం, వేధింపులు, ఆత్మహత్య లాంటివి కథలో ఉంటే తల్లిదండ్రులకి తెలిసేలా ఒక్క వాక్యం రాయండి. "ఒక పాత్ర చనిపోవాలనుకోవడం, అందులోంచి బయటపడటం ఈ నవలలో ఉంది, వివరంగా కాదు" అన్నట్టు. హెచ్చరిక బోర్డులా కాకుండా సమాచారంలా ఉండాలి. ఎందుకంటే ఆ వాక్యాన్ని పిల్లలూ చదువుతారు.

8. ఇక రాయడం

350 నుంచి 500 మాటలు చాలు. కథ మూడో వంతు దాటి చెప్పకండి. రచయిత బయోడేటాతో మొదలుపెట్టకండి. లేని పుస్తకం ఒకటి ఊహించుకుని రెండు రకాలుగా రాసి చూపిస్తాను. తాతయ్య గొడుగు బస్సులో మర్చిపోయిన కథ అనుకోండి.

మామూలుగా వచ్చేది ఇలా ఉంటుంది: "రచయిత తనదైన శైలిలో తాతా మనవరాళ్ల అనుబంధాన్ని హృద్యంగా ఆవిష్కరించారు. వస్తువులను జాగ్రత్తగా చూసుకోవాలనే సందేశం నేటి బాలలకు ఎంతో అవసరం."

నేనైతే ఇలా రాస్తాను: "తాతయ్య గొడుగు బస్సులో పోయింది. మనవరాలు బస్ డిపోకి వెళ్లి చూస్తే పోయిన సామాన్ల గదిలో 40 గొడుగులున్నాయి, అన్నీ నల్లవే. ఈ పేజీ దగ్గర నేను చదవడం ఆపాల్సి వచ్చింది. వింటున్న నలుగురూ లేచొచ్చి తాతయ్య గొడుగు ఏదో బొమ్మలో వేలు పెట్టి వెతికారు. గుర్తు మాటల్లో లేదు, మూడో పేజీ బొమ్మలో ఉంది. వాక్యాలు పొట్టివి, రెండో తరగతి పిల్లలు సొంతంగా చదవగలరు, 'విచారణ కార్యాలయం' దగ్గర ఒక్కచోట ఆగుతారు. చివర్లో కండక్టర్ చెప్పే నాలుగు మంచి మాటలు తీసేసినా నష్టం లేదు. అవి చదువుతుండగా ఒకడు చెప్పులు వేసుకున్నాడు."

లోపం చెప్పడానికి జంకొద్దు. కాకపోతే ఎక్కడ, ఏమిటి అన్నది చూపించి చెప్పండి. వాక్యాలు ఎత్తి చూపడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సమీక్షకులకి వీలిస్తుంది గానీ, 200 మాటల పుస్తకంలోంచి 100 మాటలు ఎత్తితే అది సమీక్ష అనిపించుకోదు. లోపలి బొమ్మ వేయాలనుకుంటే ప్రచురణకర్తని అడగండి. స్టోరీవీవర్ కథలకైతే ఆ గొడవ లేదు, స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి, పేర్లు మాత్రం రాయాలి.

అడుగున వివరాల వరస: పుస్తకం పేరు, రచయిత, చిత్రకారులు, అనువాదకులు, ప్రచురణ, పేజీలు, వెల, ప్రతులు దొరికే చోటు. వెల పుస్తకం చూసి వేయండి, గుర్తున్నది వేయకండి. ఒకసారి 60 రూపాయల పుస్తకానికి 90 అని వేసి ప్రచురణకర్త దగ్గర చీవాట్లు తిన్నాను, తప్పు నాదే.

9. అచ్చయ్యాక

ఫోన్ వస్తుంది. ఒక రచయిత నాకు 40 నిమిషాలు క్లాసు పీకారు, "పిల్లలకేం తెలుసు సార్ సాహిత్యం?" అని. వినండి, వాదించకండి. ముద్రణ వివరాల్లో పొరపాటు దొర్లితే దిద్దుబాటు పంపండి, అభిప్రాయం మాత్రం మార్చొద్దు. స్నేహితుల పుస్తకాన్ని ఒప్పుకోకండి, ఒప్పుకుంటే ఆ స్నేహం సంగతి మొదటి పేరాలోనే చెప్పేయండి.

ఆరు నెలల తర్వాత లైబ్రరీ రిజిస్టర్ తీసి ఆ పుస్తకం ఎన్నిసార్లు ఇంటికెళ్లిందో చూస్తాను. లైబ్రరీ లేకపోతే ఇంట్లో పుస్తకం ఎక్కడుందో చూడండి, అల్మరాలోనా, మంచం కిందా. ఒక కప్ప కథకి రెండేళ్ల క్రితం "పర్లేదు, బొమ్మలు పేలవం" అని రాశాను. దాని అట్ట మూడోసారి ఊడింది. పోయిన శనివారం టేపు వేస్తుంటే పక్కన ఒకడు "తొందరగా ఇవ్వండి, నా వంతు" అని నిలబడ్డాడు. వచ్చే నెలకి దాని మీద మళ్లీ రాస్తున్నాను.